సోమవారానికి మాయమయ్యే బట్టలు

చిరంజీవి పిచ్చుకకి,

అత్తయ్య దీవెనలు. ఇక్కడ ఎవరమూ క్షేమంగా లేము. అక్కడ నువ్వయినా క్షేమంగా ఉన్నావనుకుంటాను.

నువ్వు వచ్చి పెట్టి వెళ్ళిన సాఫ్ట్‌వేర్ మా లాండ్రీని ముంచేస్తోంది. శనివారం దాకా దానంత బుద్ధిమంతురాలు లేదు. ఎవరి కోటు ఏ హ్యాంగరు మీద ఉందో, ఎవరి దుప్పటి ఇంకా తడారలేదో, అడగడం ఆలస్యం చెప్పేస్తుంది. ఆదివారం కొట్టుకి సెలవు. సోమవారం తాళం తీసి చూస్తే అందులో ఒక్క చేతిరుమాలు కూడా ఉండదు. బట్టలన్నీ కొట్లోనే వేలాడుతుంటాయి, కంప్యూటర్లో మాత్రం ఉండవు. ఎవరైనా రసీదు పట్టుకుని వస్తే, అసలు ఆ మనిషే ఈ లోకంలో లేడన్నట్టు మాట్లాడుతుంది.

మొన్న ఒక లాయరుగారు నల్లకోటు కోసం వచ్చారు. కొట్లో ఉన్న నల్లకోట్లన్నీ ఆయనకి ఒక్కొక్కటీ తొడిగి చూశాం. చివరికి ఒకటి సరిపోయింది. సరిపోయింది గానీ అది ఆయనది కాదు, ఇంకో లాయరుది. ఆ రెండో ఆయన కోర్టులో ఈయనకి ఎదురుపడి, వాదించాల్సింది మానేసి కోటు గుండీలే చూస్తూ నిలబడ్డాట్ట. ఇప్పుడు ఇద్దరూ కలిసి నా మీదకి వస్తున్నారు.

ఫోను చెయ్యొచ్చుగా అంటావు. చేశాను. మీ ఆఫీసు వాళ్ళు పాట పెట్టారు. పాట అయిపోయాక మళ్ళీ అదే పాట పెట్టారు. అందుకే ఉత్తరం రాస్తున్నాను. నువ్వు పెట్టావు కాబట్టి నువ్వే బాగుచెయ్యి.

నీ మేనత్త

తా.క.: ఆదివారం కూడా కొట్టు తెరిచి ఉంచితే దానికి పారిపోయే సందు దొరకదని మా ఇస్త్రీ అతను అంటున్నాడు. ఆదివారం వచ్చి కాపలా కూర్చుంటావా అంటే మాత్రం కాలర్లు మాడుతున్నాయని లోపలికి పరిగెత్తాడు.


గౌరవనీయులైన వినియోగదారుగారికి,

మమ్మల్ని సంప్రదించినందుకు కృతజ్ఞతలు. మీ చిరునవ్వే మా ఊపిరి.

అత్తయ్యా, పై రెండు ముక్కలూ ఆఫీసు వాళ్ళవి. రాయకపోతే ఉత్తరం బయటికి పోనివ్వరు. ఇక్కడి నుంచి నేను.

ముందు ఒక సంగతి అర్థం చేసుకో. మా ఆఫీసులో ఉత్తరం ఫిర్యాదు కాదు. వెబ్‌సైట్‌లో రాయాలి, లేదా కంప్యూటర్ పక్కన నేను అంటించిన సహాయం నంబరుకి మెసేజ్ పంపాలి. అప్పుడు యంత్రం దానికో నంబరు ఇస్తుంది. నంబరు ఉంటేనే ఫిర్యాదు ఉన్నట్టు. నీ ఉత్తరం మా పెద్దాయనకి చూపిస్తే, అటూ ఇటూ తిప్పి చూసి, నంబరేదీ అన్నారు.

రెండో సంగతి నీ కడుపులోనే దాచుకో. సహాయ విభాగం అని బోర్డు ఉంది గానీ అందులో ఉన్నది నేనొక్కదాన్నే. కోడు రాసేవాళ్ళు వేరే. వాళ్ళు రాసినదాన్ని కొట్టుకొట్టుకీ తీసుకెళ్ళి పెట్టడం, నేర్పించడం, వాడకం పుస్తకం రాయడం, కొత్త మార్పు వస్తే ముందుగా చెవిన వెయ్యడం, మీ తిట్లు తిని వాటిని మర్యాదగా మార్చి వాళ్ళకి అందించడం నా పని. ఇదంతా ఒక పనేనా అని పెద్దాయనకి అనుమానం. ఆయన చూసేది నంబరున్న ఫిర్యాదులు ఎన్నొచ్చాయి, ఎన్ని తీర్చాను అన్నది మాత్రమే. వచ్చేవాళ్ళంతా ఫోన్లో అరిచి పెట్టేస్తారు, నంబరు తీసుకునేవాళ్ళు ఉండరు. నెలాఖరు సమావేశంలో నాకు పెద్దగా పనిలేదని తేలితే నా కుర్చీ తీసేస్తారు. కాబట్టి తిట్టదలుచుకుంటే పద్ధతిగా తిట్టు.

ఇక నీ సమస్య. నేను మీ కొట్టు వివరాలన్నీ ఇక్కడి నుంచి తీసి చూశాను. మొదలుపెట్టిన రోజు నుంచి ఒక్కటీ పోలేదు. పోయిన మంగళవారం మీరు తీసుకున్న పల్లకీ తెర కూడా ఉంది. "పట్టుది, ముడతలు తియ్యాలి, చిలకబొమ్మ జాగ్రత్త" అని కూడా ఉంది.

మీ విధేయురాలు, సహాయ విభాగం
(నీ పిచ్చుక)

తా.క.: ఈ ఉత్తరం ఎంత నచ్చిందో అయిదు నక్షత్రాల్లో రంగు నింపి పంపాలట. నింపకపోతే నచ్చిందనే లెక్క.


పిచ్చుకకి,

దీవెనలు ఈసారికి వాయిదా వేశాను.

పల్లకీ తెర ఏమిటే? పల్లకీ ఎక్కేవాళ్ళు మా వీధిలో ఎవరున్నారు? నేను లాయరు కోటు పోయిందంటే నువ్వు చిలకబొమ్మ అంటావు. ఇంకెవరి కొట్టో చూసి నాకు రాస్తున్నట్టున్నావు.

అయినా నీ కుర్చీ గురించి రాశావని, పద్ధతి ప్రకారమే పోదామని వెబ్‌సైట్ తెరిచాను. అది ముందు నేను మనిషినో కాదో తేల్చుకోవాలంది. మెట్లున్న బొమ్మలు నొక్కమంది. ఒక బొమ్మలో మెట్ల పక్కన కటకటాలున్నాయి. అవి మెట్లలోకి వస్తాయా రావా అని నేనూ ఇస్త్రీ అతనూ తేల్చుకునేలోగా సమయం అయిపోయిందని మూసేసింది. మళ్ళీ వెళ్తే సమస్య ఏమిటో ఎంచుకోమని ఒక వరస చూపించింది. అందులో బట్టలు మాయం అన్నది లేదు. ఇతరములు అని ఉంటే నొక్కాను. మరునాడు, "మీ సమస్య పరిష్కారమైంది, ఫిర్యాదు మూసివేశాం" అని వచ్చింది. ఎవరు పరిష్కరించారమ్మా? నేనింకా చెప్పనేలేదు.

ఈ సోమవారం కూడా కంప్యూటర్ తెల్లమొహం వేసింది. పెళ్ళికొడుకు సూటు కోసం వాళ్ళన్నయ్య పరిగెత్తుకొచ్చాడు. భుజాల కొలత నాకు గుర్తుండబట్టి సరిపోయింది, లేకపోతే ఆ పిల్లాడు బనీనుతో పీటలెక్కేవాడు. ఇంకొక్క సోమవారం ఇలా జరిగిందంటే ఈ యంత్రాన్ని అటకెక్కించి మళ్ళీ పిన్నీసులూ కాగితం ముక్కలూ తెచ్చుకుంటాను.

నీ ఉత్తరం పైకి చదువుతుంటే మీ మావయ్య లోపలిగది గుమ్మంలో నిలబడి విన్నారు. ఉద్యోగం దిగిపోయాక ఆయన ఆ గదిలోనే ఉంటున్నారు. కౌంటరు దగ్గర కూర్చోబెడితే వచ్చినవాళ్ళందరితో కబుర్లు పెట్టుకుని వరస వీధి మొగదాకా పెంచుతున్నారని నేనే రావద్దన్నాను. నీ కుర్చీ తీసేస్తారన్న చోటికి వచ్చేసరికి మళ్ళీ చదవమన్నారు.

ఓపిక నశించిన
నీ మేనత్త

తా.క.: మీ మావయ్య ఆ సహాయం నంబరు అరచేతి మీద రాసుకుని లోపలికి వెళ్ళారు. ఆయనకి ఫిర్యాదులేమున్నాయని, నా మీద తప్ప.


అత్తయ్యకి,

నమస్కారం. తల ప్రాణం తోకకొచ్చింది. మర్యాద వాక్యాలు ఈసారి పెద్దాయన చూడకుండా కొట్టేశాను.

మీ కొట్లో ఎవరో నాతో ఆడుకుంటున్నారు. మీరు ఈ వారం తీసుకున్న బట్టలు ఇవి, నా కళ్ళ ముందే తెర మీద ఉన్నాయి. సర్కస్ కంపెనీ వారి ఏనుగు దుప్పటి, "అంచు చిరిగింది, ఏనుగుదే తప్పు". ఇంద్రజాలికుడి టోపీ, "లోపల కుందేలు ఉందేమో చూసి ఉతకాలి". పొడుగుకాళ్ళ మనిషి ప్యాంటు, "ఇస్త్రీ బల్ల చాలదు, వరండాలో చెయ్యాలి". ఇది ఉతికే కొట్టా, డేరానా?

ఇంతవరకూ ఓర్చుకున్నాను. ఈ వారం నుంచి ఈ మనుషులందరి ఫోను నంబరు దగ్గరా మా సహాయం నంబరే కొడుతున్నారు. బట్టలు తయారని మీరు గుర్తు పెట్టగానే ఖాతాదారుకి మెసేజ్ పోతుంది కదా. అదంతా మాకొస్తోంది. "మీ ఏనుగు దుప్పటి సిద్ధం, దయచేసి వచ్చి తీసుకెళ్ళండి" అని. మా యంత్రానికి ఏది వచ్చినా ఫిర్యాదే. దానికో నంబరు ఇచ్చి, ఈరోజే తీర్చాలని నా నెత్తిన పెడుతుంది. నేను కూర్చుని, మాకు ఏనుగు లేదు అని జవాబు రాసి మూసేస్తున్నాను. ఒకటి మూసేలోగా ఇంకొకటి.

కోడు రాసేవాళ్ళని అడిగితే, మా దగ్గర బాగానే పనిచేస్తోంది అన్నారు. వాళ్ళు పుట్టినప్పట్నుంచీ అదే మాట. ఒకతను మాత్రం శ్రద్ధగా విని, ఏనుగు అనే కొలత ఇప్పుడు లేదు, కావాలంటే వచ్చే మార్పుల్లో చేరుస్తానన్నాడు. పెద్దాయన నా గది గుమ్మం దగ్గర ఆగి, ఈమధ్య మెసేజ్‌ల మోత ఎక్కువైందేమిటని అడిగారు. ఫిర్యాదులండీ అని తలుపు దగ్గరికి వేశాను.

నాకు మీ ఇస్త్రీ అతని మీద అనుమానం. పిలిచి గట్టిగా అడుగు. ఇంకొక్కటి చెయ్యి. నేను మీకు రెండు కంప్యూటర్లు పెట్టాను కదా, కౌంటరు మీద అసలుది, లోపలిగదిలో నేర్చుకోవడానికి అభ్యాసానిది. కౌంటరు మీదదాని తెర పైన ఒక గీత ఉంటుంది. అది ఏ రంగో చూసి వెంటనే రాయి.

నీ పిచ్చుక

తా.క.: టోపీలో కుందేలు లేదని రాసి ఆ ఫిర్యాదు మూసేశాను. సాక్ష్యం ఏమైనా ఉందా అని యంత్రం అడిగింది.


చిరంజీవి పిచ్చుకకి,

దీవెనలు. ఇస్త్రీ అతన్ని గట్టిగా అడిగాను. ఏనుగు దుప్పటి నిజంగా వస్తే పని మానేస్తానని అతను ముందే చెప్పేశాడు. అంత ఊహ అతనికి లేదు. ఉంటే చొక్కా కాలర్లు అలా కాల్చడు.

కౌంటరు మీదదాని గీత పసుపు రంగు. ఉండక ఏం చేస్తుంది, అది అభ్యాసానిది కదా. నీలం గీతది, అదే అసలుది, లోపలిగదిలో భద్రంగా ఉంది.

నువ్వు వెళ్ళేటప్పుడు ఏం చెప్పావు? "అత్తయ్యా, ఇది అసలుది, చాలా జాగ్రత్త. దీంట్లో పడిన తప్పు పోదు. అభ్యాసానిది ఎలా వాడినా ఫరవాలేదు" అన్నావు. అంత చెప్పాక అసలుదాన్ని ఎవరైనా కౌంటరు మీద పెట్టుకుంటారా? అక్కడ తడి చేతులు, సబ్బు నురగ, ఇస్త్రీ ఆవిరి, వచ్చినవాళ్ళ పిల్లల వేళ్ళు. నువ్వు వీధి మలుపు తిరగకముందే రెండూ మార్పించేశాను. అసలుదానికి పాత పరదా చింపి కుచ్చులతో కవరు కుట్టాను. వాడకానికి వాడకానిది, దాచుకోవడానికి దాచుకునేది. మా ఇంట్లో మంచి కప్పులు అద్దాల బీరువాలోనే ఉంటాయి, చెవులు విరిగినవాటిలో తాగుతాం. ఇదంతా నీకు తెలియనిదేమీ కాదు, ఆ విరిగిన కప్పుల్లో పాలు తాగి పెరిగినదానివే.

ఆ పసుపుది ప్రతి రసీదు అడుగునా "ఇది నమూనా, చెల్లదు" అని కొడుతుంది. మీ కంపెనీ ప్రకటన కాబోలనుకున్నాం. జనం బెంగపడుతున్నారని ఆ ముక్క కత్తెరతో కత్తిరించి ఇస్తున్నాం.

అసలుదాన్ని మీ మావయ్య కనిపెట్టుకుని ఉంటారు. రోజూ తుడుస్తారు. ఊరికే ఉంటే పాడైపోతుందని పొద్దున కాసేపు, సాయంత్రం కాసేపు ఏవో రెండు ముక్కలు కొడుతుంటారు. ఏం కొడతారో నేను చూడలేదు. ఆయన నవ్వుకోవడం మాత్రం గోడ ఇవతలికి వినిపిస్తుంది.

సరే, గీత రంగు చెప్పాను. దీనికీ సోమవారం బట్టలు మాయమవడానికీ ఏమిటి సంబంధం?

నీ మేనత్త

తా.క.: అసలుది ఇంకా కొత్తదానిలాగే ఉంది. తెర మీద అంటించి వచ్చిన పల్చటి కాగితం కూడా పీకలేదు. కావాలంటే మీ వాళ్ళు వెనక్కి తీసుకోవచ్చు, ఒక్క గీత పడలేదు.


అత్తయ్యకి,

నీ ఉత్తరం సమావేశం రోజు పొద్దున అందింది. ఆఫీసు మెట్ల మీద కూర్చుని చదివాను. రెండోసారి చదివాను.

సంబంధం ఇది. అభ్యాసానిది ప్రతి ఆదివారం తనంతట తానే తుడిచేసుకుంటుంది. నేర్చుకునేవాళ్ళు సోమవారం మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టడానికి. నా పుస్తకంలో మొదటి పేజీలోనే పెద్ద అక్షరాలతో రాశాను. ఆ పుస్తకం ఏది? దానికీ కవరు కుట్టి బీరువాలో పెట్టావా? అంటే మీరు నిజమైన బట్టలన్నీ రోజూ ఇసుకలో రాశారు. మావయ్యేమో లేనిపోని సర్కస్‌నంతా రాతిలో చెక్కారు. నేనేమో ఈ ఆఫీసులో కూర్చుని ఏనుగులకి జవాబులు రాశాను. ఈ ఉత్తరం మడవకముందే రెండు కంప్యూటర్లూ మార్చు. అసలుది కౌంటరు మీదకి తీసుకురా. తడి చేతులతోనే వాడు. పాడైతే కొత్తది నేనిస్తాను.

ఇక సమావేశం. పెద్దాయన గోడ మీద ఒక బొమ్మ వేశారు. నెల మొదట్లో నేలబారుగా ఉన్న గీత చివరికొచ్చేసరికి పైకప్పు తాకుతోంది. నంబరున్న ఫిర్యాదులట. అన్నీ వచ్చిన రోజే తీర్చేశానట. "ఇంత పని ఉన్న విభాగాన్ని తీసెయ్యాలని అన్నదెవరు?" అన్నారు. అన్నది ఆయనే. కోడు రాసేవాళ్ళు తలలు దించుకున్నారు. నోరు మూసుకుని ఇంటికొచ్చేస్తే సరిపోయేది. నావల్ల కాలేదు. అవన్నీ మా మావయ్య ఏనుగులండీ అని చెప్పి, నీ ఉత్తరం బల్ల మీద పెట్టాను. నా ఉద్యోగం ఊడిందనే అనుకున్నాను, అత్తయ్యా.

ఆయన ఉత్తరం అంతా చదివారు. కప్పుల దగ్గర ఆగి మళ్ళీ చదివారు. తరవాత కోడు రాసేవాళ్ళ వైపు తిరిగి, అసలుదాన్ని కవరు కప్పి లోపల దాస్తారని మీలో ఎవరికైనా తట్టిందా అని అడిగారు. ఒకతను, అది కోడులో లేదండీ అన్నాడు. "మా ఆవిడైతే ఇదే చేసేది. నాకే తట్టలేదు" అన్నారు పెద్దాయన. ఇలాంటివి పట్టుకోవడానికి ఒక మనిషి ఉండాల్సిందేనని తేల్చారు. గోడ మీది ఆ గీత కనిపించకపోయి ఉంటే తను ఈ ఉత్తరం తెరిచేవారే కాదని కూడా ఒప్పుకున్నారు. కుర్చీ ఉంది. ఇక మీద ఉత్తరాలకి కూడా నంబరు ఇస్తారు.

అయినా మావయ్య చేసిన పని నాకు మింగుడుపడటం లేదు. పెద్దవారు, కాలక్షేపానికి నా నెత్తినే దొరికిందా? ఆయన్ని ఇంక ఆ కంప్యూటర్ దరిదాపులకి రానివ్వకు.

నీ పిచ్చుక

తా.క.: లాయర్లిద్దరికీ క్షమాపణ ఉత్తరాలు నేనే రాశాను. ఒకాయనకి రాసింది ఇంకొకాయనకి పోయిందట. ఇద్దరూ చదివి, అక్షరం తేడా లేదని ఊరుకున్నారు.


చిరంజీవి పిచ్చుకకి,

మావయ్య ఆశీస్సులు. ఎప్పుడూ మీ అత్తయ్య రాస్తుంది, ఈసారి నేను రాస్తున్నాను. నీ ఉత్తరం చదివి నాకిచ్చి, మీరే చెప్పుకోండి అంది.

ఆ కంప్యూటర్ దగ్గరికి నన్ను రానివ్వద్దన్నావు. కాస్త ఆలస్యమైందమ్మా. అసలుది కౌంటరు మీదకొచ్చింది గానీ దాన్ని ముట్టుకోవడానికి ఎవరికీ ధైర్యం చాల్లేదు. తప్పు పడితే పోదని నువ్వన్న మాట మీ అత్తయ్యకి గుండెల్లో ఉండిపోయింది. ఒక్క చొక్కా రాయడానికి మూడుసార్లు చేతులు కడుక్కుంది. ఇస్త్రీ అతను దాని ముందు నిలబడితే చాలు చెమటలు పడుతున్నాయి. దానితో చనువున్నది నా ఒక్కడికే. ఒక సర్కస్ మొత్తాన్ని ఉతికి పంపినవాణ్ణి కదా, చొక్కాలొక లెక్కా? కాబట్టి కౌంటరు దగ్గర ఇప్పుడు నేనే కూర్చుంటున్నాను. నా సర్కస్ అంతా తీసేశాను, ఎలా తీసెయ్యాలో నీ పుస్తకంలో బాగా రాశావు. అది నేను ఎప్పుడో చదివాను. సోమవారం వచ్చింది, వెళ్ళింది. ఒక్క రుమాలు పోలేదు.

పల్లకీ తెర కాలక్షేపానికే రాశాను, ఒప్పుకుంటాను. ఏనుగు దగ్గర్నుంచి మాత్రం కాదు. పనిలేదని తేలితే నీ కుర్చీ తీసేస్తారన్నావు. ఆ ముక్క విన్నాక నాకు తిండి సహించలేదు. ఉద్యోగం దిగాక నన్నూ లోపలిగదిలో కూర్చోబెట్టారు. ఎవరూ చెడ్డగా చూడలేదు, మూడు పూటలా వేళకి పెట్టారు. కానీ నాతో ఎవరికీ పనిలేదు. అదెలా ఉంటుందో నాకు తెలుసు. ఇంత చిన్న వయసులో నీకు తెలియకూడదనుకున్నాను. నంబరున్న ఫిర్యాదులు కావాలన్నావు, ఏది వచ్చినా నీ యంత్రానికి ఫిర్యాదేనని మొదటి మెసేజ్‌కి నంబరు తిరిగి రాగానే కనిపెట్టాను. నాకు చేతనైనన్ని పంపాను. నిన్ను అంత విసిగిస్తానని అనుకోలేదు. అందుకు మాత్రం ఏమీ అనుకోకు.

ఇదంతా మీ అత్తయ్యకి చెప్పలేదు. నేను ఆడుకున్నాననే అనుకుంటోంది, అనుకోనీ. ఇప్పుడే వచ్చి, వరస వీధిలోకి పోయింది, ఎవరితో కబుర్లు అని గదమాయించింది. ఆఫీసు పని అన్నాను.

నీ మావయ్య

తా.క.: ఉత్తరాలకి కూడా నంబరిస్తారని రాశావు కదా, దీనికీ ఒకటి ఇప్పించు. ఫిర్యాదేమిటని యంత్రం అడిగితే, ఇంకా ఆలోచిస్తున్నారని చెప్పి ఉంచు. వచ్చే సమావేశం ఎప్పుడో రాస్తే ఈలోగా ఏదో ఒకటి తడుతుంది.